గాలిమరలకు ముందు వేయవలసిన లెక్క

2003 అక్టోబరులో ఐర్లండ్‌లోని గాల్వే కౌంటీలో, డెర్రీబ్రయన్ అనే చోట కొండ మీద 70 గాలిమరల కోసం రోడ్లు వేస్తూ, పునాదులు తవ్వుతూ ఉండగా కొండవాలు జారిపోయింది. అక్కడి నేల మామూలు మట్టి కాదు. వేల ఏళ్లుగా నీటిలో నానుతూ, పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకుపోయిన నాచు, గడ్డి కలిసి ఏర్పడిన పీట్ నేల అది. దాని బరువులో అధిక భాగం నీరే. లక్షల ఘనపు మీటర్ల పీట్ బురదగా మారి వాగుల వెంట దిగి నదిలో కలవగా, చేపలు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. అనుమతి కోసం సమర్పించిన పర్యావరణ నివేదికలు నేల స్థిరత్వాన్ని పరిశీలించనే లేదని 2008లో ఐరోపా న్యాయస్థానం తప్పుపట్టింది. ఆ లోపాన్ని తర్వాత కూడా సరిదిద్దనందుకు 2019లో ఐర్లండ్ ప్రభుత్వానికి 50 లక్షల యూరోలు, ఆపైన తీర్పును అమలు చేసేదాకా రోజుకు 15,000 యూరోల చొప్పున జరిమానా వేసింది. చివరికి ఆ కేంద్రాన్ని మూసివేయవలసి వచ్చింది.

పవన విద్యుత్తు మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఈ ఉదంతం జవాబు చెప్పదు. ఆ ప్రశ్నకు జవాబు చాలావరకు తేలిపోయింది: తయారీ నుంచి తొలగింపు దాకా అన్నీ కలిపి లెక్కిస్తే, నేల మీది గాలిమర నుంచి వచ్చే ఒక యూనిట్ కరెంటుకు సుమారు 11 గ్రాములు, బొగ్గు కరెంటుకు సుమారు 820 గ్రాములు కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు ఉంటాయని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 2014 నివేదిక మధ్యస్థ విలువలుగా ఇచ్చింది. కానీ అది ప్రపంచపు లెక్క. కట్టేది మాత్రం ఒక కొండ మీద, ఒక మైదానంలో. లోతైన పీట్ నేలను తవ్వి నీరు బయటికి పోనిస్తే, అందులో యుగాలుగా నిల్వ ఉన్న కార్బన్ గాలిలో కలవడం మొదలవుతుంది. అప్పుడు ఆ 11 గ్రాముల లెక్క అక్కడికి వర్తించదు. ఒకే కంపెనీ, ఒకే నమూనా టర్బైన్ ఒక చోట దాదాపు హాని లేకుండా తిరుగుతుంది, ముప్పై కిలోమీటర్ల అవతల ఒక జాతి పక్షులకు యమపాశమవుతుంది. పర్యావరణ ప్రభావ మదింపు అనే ప్రక్రియ అవసరమయ్యేది ఈ తేడా కోసమే.

1969లో అమెరికా చేసిన జాతీయ పర్యావరణ విధాన చట్టంతో ఈ పద్ధతికి చట్టరూపం వచ్చి, క్రమంగా ప్రపంచమంతటా వ్యాపించింది. దీని ప్రకారం, కట్టబోయే స్థలంలో ఇప్పుడు ఏముందో నమోదు చేయాలి, కట్టబోయేది దానిని ఎలా మారుస్తుందో అంచనా వేయాలి, వేరే స్థలం గానీ వేరే అమరిక గానీ మేలా అని చూడాలి, హాని ఎలా తగ్గించాలో చెప్పాలి. కాగితం మీద ఇదంతా తేలికగానే కనిపిస్తుంది. కష్టమంతా మొదటి పనిలోనే ఉంది, ఎందుకంటే ప్రకృతి ఒకే రోజున, ఒకే రుతువులో తనను తాను చూపించుకోదు. స్కాట్లాండ్ మార్గదర్శకాల ప్రకారం ఎంపిక చేసిన ఒక్కొక్క పరిశీలన స్థానంలో కూర్చుని, ఒక్కొక్క రుతువులో కనీసం 36 గంటలపాటు ఏ పక్షి ఏ ఎత్తులో, ఎంతసేపు, ఏ దారిలో ఎగిరిందో రాసుకోవాలి. సాధారణంగా ఇది రెండేళ్లపాటు సాగాలి. వలస కాలం ముగిశాక రెండు వారాలు తిరిగి, చెప్పుకోదగ్గ పక్షులు లేవని రాసిన నివేదిక అబద్ధం చెప్పకుండానే తప్పుదారి పట్టించగలదు.

అలా రాసుకున్న గంటల నుంచి మరణాల అంచనాకు వెళ్లే దారిలో, సామాన్య పాఠకుడి కంటపడని ఒక అంకె కూర్చుని ఉంటుంది. ఒక గద్ద జాతి పక్షులు గాలిమర రెక్కలు తిరిగే వలయం గుండా ఏడాదికి వెయ్యిసార్లు వెళ్తాయని అనుకుందాం. పక్షి పొడవు, దాని వేగం, గాలిమర రెక్కల వేగం తెలిస్తే, అది కళ్ళు మూసుకుని దూరినట్టు భావించి, దెబ్బ తగిలే సంభావ్యతను గణితంతో చెప్పవచ్చు. అది నూటికి పది అనుకుంటే వంద దెబ్బలు. కానీ పక్షులు కళ్ళు మూసుకుని ఎగరవు, చాలావరకు తప్పుకుంటాయి. నూటికి 98 సార్లు తప్పుకుంటాయంటే ఏడాదికి రెండు మరణాలు, 99 సార్లంటే ఒకటే. 98కి, 99కి మధ్య తేడా చెవికి అల్పంగా వినిపిస్తుంది గానీ, ఫలితం మాత్రం సరిగ్గా సగమైపోతుంది. నివేదిక చేతికి వస్తే నేను మొదట వెతికేది ఈ అంకెనే. దానిని ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పని నివేదికలో మిగతా దశాంశాలన్నీ అలంకారమే.

ఏడాదికి ఒకటా, రెండా అన్నది పిచ్చుకల విషయంలో అయితే పట్టించుకోనక్కరలేదు. కానీ పెద్ద గద్దలు, రాబందులు చాలా ఏళ్లకు గానీ పిల్లలను పెట్టవు, పెట్టినా ఏటా ఒకటో రెండో. వాటి మనుగడ అంతా పెద్ద పక్షులు దీర్ఘకాలం బతకడం మీదే నిలిచి ఉంటుంది. కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ కనుమలో 1980లలో వేలాది చిన్న గాలిమరలను గద్దలు వేటాడే గడ్డి కొండల మీదే నిలిపారు. అక్కడ బంగారు గద్దలు ఏటా పదుల సంఖ్యలో చచ్చిపోతూ వచ్చాయి. తర్వాత కాలంలో తక్కువ సంఖ్యలో పెద్ద యంత్రాలను, జాగ్రత్తగా ఎంచుకున్న చోట్ల పెట్టడం మొదలుపెట్టారు. నార్వేలోని స్మోలా దీవిలో గాలిమర మూడు రెక్కల్లో ఒకదానికి నల్లరంగు వేస్తే పక్షి మరణాలు 70 శాతానికి పైగా తగ్గినట్టు 2020లో ప్రచురించారు, అయితే రంగు వేసినవి నాలుగే టర్బైన్లు. ఇటువంటి ఆశాజనకమైన చిన్న ప్రయోగాన్ని చూపించి ప్రమాదకరమైన స్థలానికి అనుమతి అడగడం మాత్రం సబబు కాదు.

గబ్బిలాల కథ వేరు, ఒక విధంగా ఊరటనిచ్చేది. సమశీతోష్ణ దేశాల్లో వాటి మరణాలు ఎక్కువగా వేసవి చివర, శరదృతువు మొదట్లో, గాలి మందంగా వీచే రాత్రుల్లో జరుగుతాయి. గాలిలోని శక్తి వేగపు ఘనానికి అనులోమంగా ఉంటుంది: సెకనుకు 4 మీటర్ల గాలిలో ఉండే శక్తి 8 మీటర్ల గాలిలోని దానిలో ఎనిమిదో వంతే. అంటే గబ్బిలాలు చచ్చిపోయే రాత్రుల్లో టర్బైన్ సంపాదించేదీ స్వల్పమే. ఆ నెలల్లో రాత్రిపూట గాలివేగం సెకనుకు 5 మీటర్లు దాటేదాకా రెక్కలను తిరగనివ్వకపోతే మరణాలు సగానికి సగం, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ తగ్గినట్టు ఉత్తర అమెరికా పరిశీలనల్లో తేలింది. ఏడాది ఉత్పత్తిలో పోయేది చాలా కొద్ది. ఈ షరతును అనుమతి పత్రంలోనే రాయాలంటే, గబ్బిలాలు ఏ నెలల్లో ఎగురుతాయో ముందే శబ్దగ్రాహక యంత్రాలతో నమోదు చేసి ఉండాలి.

చచ్చిపోయిన వాటిని లెక్కపెట్టినంత మాత్రాన ప్రభావం పూర్తిగా తెలిసినట్టు కాదు. పశ్చిమ కనుమల్లో, మహారాష్ట్రలోని చాల్కేవాడి పీఠభూమి మీద చేసిన పరిశోధన 2018లో వెలువడింది. గాలిమరలున్న చోట వేట పక్షుల సంఖ్య, లేని చోటుతో పోలిస్తే దాదాపు నాలుగో వంతే. వేటాడేవి తగ్గడంతో గొంతు కింద విసనకర్రలాంటి రంగుల తోలు విప్పే తొండలు అక్కడ పెరిగిపోయాయి. వాటి రక్తంలో ఒత్తిడిని సూచించే హార్మోను తక్కువగా ఉంది, మనిషి దగ్గరికి వచ్చేదాకా అవి పారిపోలేదు. టర్బైన్ ఒక్క తొండను కూడా తాకలేదు, అయినా తొండ స్వభావం మారింది.

మనుషుల విషయంలో వివాదమంతా శబ్దం చుట్టూ తిరుగుతుంది. దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుందన్నది స్థూల సూత్రం. అసలు చిక్కు రాత్రి వస్తుంది. సూర్యుడు దిగాక నేల దగ్గర గాలి ఆగిపోతుంది, చెట్ల ఆకులు కదలవు; కానీ వంద మీటర్ల ఎత్తున గాలి వీస్తూనే ఉంటుంది. అంటే ఇతర శబ్దాలేవీ కప్పిపుచ్చని వేళలోనే రెక్కల ఊపు శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. పగటి సగటులను మాత్రమే చూపే పట్టిక ఈ సంగతిని దాచేస్తుంది. సాయంకాలానికీ రాత్రికీ అదనపు బరువు ఇచ్చి లెక్కించే సగటు 45 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో షరతులతో సూచించింది. తిరిగే రెక్కల నీడ కిటికీల మీద పడి వెలుతురు అల్లాడే సమస్యను లెక్కించడం దీనికన్నా సులువు, ఎందుకంటే సూర్యుడి దారి ముందే తెలుసు. జర్మనీలో ఏడాదికి 30 గంటలు, రోజుకు 30 నిమిషాలు పరిమితి.

రోడ్లు, కరెంటు తీగలు తరచుగా వేరే నివేదికలోకి జారుకుంటాయి. టర్బైన్లు ఆక్రమించే నేల స్వల్పమే అయినా, భారీ రెక్కలను మోసుకొచ్చే వాహనాల కోసం వాలుల మీద వేసే రోడ్లు వాన నీటి దారిని మారుస్తాయి. బట్టమేక పిట్టకు ముందువైపు చూపు ఇరుకు, శరీరం బరువు; దానికి గాలిమర రెక్కల కన్నా కరెంటు తీగలే పెద్ద ప్రమాదం. పక్క కొండ మీద మరో రెండు కేంద్రాలుంటే మూడింటి ప్రభావాన్నీ కలిపి చూడాలి. విడివిడిగా ప్రతి ఒక్కటీ స్వల్పం అనిపించుకోవచ్చు. ఆ మూడు కొండల మీద తిరిగే గద్దల గుంపు మాత్రం ఒక్కటే.

కేంద్రం నడవడం మొదలయ్యాక అంచనాను సరిచూసే పని మిగులుతుంది. టర్బైన్ల కింద 5 కళేబరాలు దొరికాయంటే 5 పక్షులే చచ్చిపోయాయని కాదు. వెతికేవారి కంటికి సగమే దొరుకుతాయి, వెతకడానికి వచ్చేలోపు నక్కలూ కాకులూ సగం ఎత్తుకుపోతాయి అనుకుంటే అసలు సంఖ్య 20కి దగ్గరగా ఉంటుంది. ఈ రెండు భిన్నాలనూ ఊహించకూడదు; గుర్తు పెట్టిన కళేబరాలను తామే అక్కడక్కడా ఉంచి, ఎన్ని దొరికాయో, ఎన్ని రోజులు నిలిచాయో కొలవాలి. ముందు వేసిన అంచనా 5 అయి, ఇప్పుడు తేలింది 20 అయితే ఏ టర్బైన్‌ను ఏ నెలల్లో, ఏ గంటల్లో ఆపాలో, ఆ ఆదేశం ఎవరు ఇవ్వాలో అనుమతి పత్రంలో మొదటి రోజే రాసి ఉండాలి. ఆ తర్వాత చర్చించుకోవచ్చులే అనుకుంటే, అప్పటికి పెట్టుబడి పెట్టడం అయిపోయి ఉంటుంది, రెక్కలు తిరుగుతూ ఉంటాయి.