గొట్టం వద్దన్న ఊరు: ఆర్కేటా మురుగునీటి మడుగుల నేపథ్యం

అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో, హంబోల్ట్ అఖాతం ఒడ్డున, సుమారు 18 వేల జనాభా గల ఆర్కేటా పట్టణం ఉంది. ఆ ఊరి మురుగునీరు అఖాతంలో కలిసేముందు జమ్ము, తుంగ దట్టంగా పెరిగిన మడుగుల గుండా సాగుతుంది. ఆ గట్ల మీద జనం పక్షులను చూస్తూ నడుస్తుంటారు. ఈ ఏర్పాటును ప్రకృతిప్రేమకు ఉదాహరణగా చెప్పడం పరిపాటి అయినా, దీని పుట్టుక ఒక ప్రభుత్వ నిబంధనలోనూ, దానిని పాటించడానికయ్యే ఖర్చులోనూ ఉంది.

1940ల చివరిదాకా ఊరి మురుగు నేరుగా అఖాతంలోకే పోయేది. 1949లో ప్రాథమిక శుద్ధి కేంద్రం, 1957లో ఆక్సీకరణ చెరువులు, 1966లో క్లోరిన్ శుద్ధి వచ్చాయి. కాలిఫోర్నియాలో సాగయ్యే ఆల్చిప్పల్లో అధికభాగం ఈ అఖాతానివే. ఆల్చిప్ప నీటిని వడగట్టుకొని బతికే జీవి కాబట్టి మురుగులోని సూక్ష్మజీవులు దాని ఒంట్లో పోగుపడి, చివరికి తినేవారి కడుపులోకి చేరతాయి. అందువల్ల ఇక్కడ నీటి శుభ్రత జీవనోపాధితో ముడిపడిన వ్యవహారం.

1972లో అమెరికా స్వచ్ఛజల చట్టం ప్రమాణాలను కఠినతరం చేసింది. 1974లో కాలిఫోర్నియా ఇంకో అడుగు ముందుకు వేసి, అఖాతాల్లోకీ నదీముఖాల్లోకీ మురుగునీటిని శుద్ధి చేసి కూడా వదలరాదని, అలా వదలడం వల్ల ఆ జలాలు మెరుగుపడతాయని రుజువు చేస్తేనే మినహాయింపు ఉంటుందని ప్రకటించింది. దానికి అధికారులు చూపిన మార్గం, చుట్టుపక్కల ఊళ్ల మురుగునంతా గొట్టాలతో ఒకచోటికి చేర్చి, శుద్ధి చేసి, పసిఫిక్ మహాసముద్రంలోకి వదిలే భారీ ఉమ్మడి కేంద్రం. దాని నిర్మాణ భారం, నీటిని తోడిపోయడానికి నిత్యం కావలసిన విద్యుత్తు, భూకంపాల ప్రాంతంలో అఖాతం అడుగున గొట్టం వేయడంలోని ముప్పు ఆర్కేటాను వెనక్కి లాగాయి.

ఊరికి పట్టు దొరికింది ఆ మినహాయింపులోనే. స్థానిక హంబోల్ట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మత్స్యశాస్త్రం బోధించే జార్జ్ అలెన్ అప్పటికే శుద్ధిచేసిన మురుగునీటిలో సముద్రపు నీరు కలిపి సాల్మన్ చేపపిల్లలను పెంచుతున్నారు. పర్యావరణ ఇంజినీరు రాబర్ట్ గేర్‌హార్ట్ తదితరులు 1979 నుంచి 1982 వరకు ప్రయోగాత్మక మడులలో కొలతలు తీశారు. ఆ లెక్కలు చూశాక రాష్ట్రం అంగీకరించింది. పాత కలపమిల్లు దుంగల చెరువులు, మూతపడిన చెత్తకుప్ప ఉన్న తీరభూమిలోనే 1986 నాటికి పూర్తిస్థాయి వ్యవస్థ సిద్ధమైంది.

మొక్కలే మురుగును తాగేస్తాయని అనుకోవడం సగం నిజమే. ఆక్సీకరణ చెరువులో నాచు విడిచే ప్రాణవాయువుతో బాక్టీరియా మలినాలను జీర్ణించుకుంటుంది. అయితే పచ్చగా పెరిగిన ఆ నాచే తిరిగి నీటిలో తేలే మలినమవుతుంది. లీటరుకు నెలసరి సగటున 30 మిల్లీగ్రాములకు మించరాదన్న ప్రమాణం ముందు చెరువులు తడబడేది ఇక్కడే. మడుగులో జమ్ము నీడకు నాచు చస్తుంది, కాడల మధ్య నీరు నెమ్మదించి మడ్డి అడుగుకు దిగుతుంది, కాడలను పట్టుకున్న సూక్ష్మజీవుల పొర మిగిలిన పని చేస్తుంది. మన చెరువుల్లో పూడికకు కారణమని పీకిపారేసే జమ్ము జాతికి అక్కడ దక్కిన ఉద్యోగం ఇది.

దీనికి హద్దులూ ఉన్నాయి. శీతకాలపు వానలకు పాత మురుగు గొట్టాల పగుళ్లలోంచి వాననీరు చొరబడితే ప్రవాహం ఒక్కసారిగా పెరిగి, మడుగులో నీరు నిలవవలసినంత సేపు నిలవదు. అంతకంటే పెద్ద చిక్కు సముద్రం. ఒకపక్క సముద్రమట్టం పెరుగుతుండగా ఇక్కడి నేల కూడా కుంగుతున్నందున, కాలిఫోర్నియా తీరంలో నీటిమట్టం అత్యంత వేగంగా పెరుగుతున్నది ఈ అఖాతంలోనే. శుద్ధి కేంద్రం, చెరువులు, మడుగులు అన్నీ ఆ పల్లపు ఒడ్డునే ఉన్నందున, వాటికీ అఖాతానికీ మధ్యనున్న మట్టి గట్లను ఎంత ఎత్తుకు, ఎన్నేళ్లపాటు పెంచుకుంటూ పోగలమన్నది ఇప్పుడు ఆ ఊరు వేసుకోవలసిన లెక్క.