డంబుల్‌డోర్ గొడవ మళ్ళీ లేచింది, అసలు ముడి యాడుందంటే

ఈ వారమంతా నెల్లూరు, కావలి, ఒంగోలు టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో హ్యారీ పాటర్ కథల్లోని మాంత్రికుల బడి హెడ్మాస్టర్ డంబుల్‌డోర్ మీదే రచ్చ. గురుపూజోత్సవానికి ఒక బడిలో పిల్లలు గోడ మీద రాధాకృష్ణన్ గారి ఫొటో పక్కన (ఆయన ఇంటిపేరు మన సర్వేపల్లే గదా) తెల్లగడ్డం, అర్ధచంద్రం కళ్ళద్దాల హెడ్మాస్టర్ బొమ్మ అతికించారు, అది చూసి రిటైరైన హెడ్మాస్టరు గారొకాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు, "పిల్లోణ్ణి జాతర పొట్టేల్ని మేపినట్టు మేపి టైమొచ్చినాక చావుకి పంపినోడు ఆదర్శమా అయ్యా?" అని. ఇంక చూస్కోండి. దానికితోడు 2025లో హెచ్‌బీఓ కొత్త సీరియల్‌కి జాన్ లిత్‌గోని డంబుల్‌డోర్‌గా ప్రకటించినప్పట్నించి ఈ పాత లెక్కలన్నీ మళ్ళీ బైటికొస్తానే ఉన్నాయి. అడ్మిన్ మేడం పొద్దునకల్లా నేపథ్యం రాసియ్యమంది. మెట్ల కింద గది, గుడ్లగూబలు, ఉత్తరాలు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా.

నన్నడిగితే మొత్తం తగాదా ఒక్క మెరుపు దగ్గరుంది. 2000 జూలైలో వచ్చిన నాలుగో పుస్తకం చివర్లో, శ్మశానం నించి ప్రాణాలతో వచ్చిన హ్యారీ (ఆ బళ్ళో చదివే పిల్లోడు), తన అమ్మానాన్నల్ని చంపిన దుష్ట మాంత్రికుడు వోల్డ్‌మార్ట్ తన రక్తం తీసుకోని కొత్త ఒళ్ళు చేసుకున్నాడని చెప్తాడు, ఆ మాట వినంగానే డంబుల్‌డోర్ కళ్ళల్లో గెలిచినట్టు ఏదో తళుక్కుమంటది, రెప్పపాటే, మళ్ళీ మామూలుగా అలిసిపోయిన ముసలాయన. శత్రువు బలం తెచ్చుకున్నాడంటే ఈయనకి సంతోషమేంది? ఆఖరి పుస్తకం వచ్చేదాకా ఏడేళ్ళు ప్రపంచమంతా చదివేవాళ్ళు దీనిమీద కొట్టుకున్నారు, ఈయనే అసలు విలన్ అని తేల్చేసినోళ్ళు కూడా ఉన్నారు.

మన దగ్గర దీనికి ఆశ్చర్యపోవాల్సిన పన్లేదు. మనుమసిద్ధి కొలువులో ఉండి విరాటపర్వం నించి చివరిదాకా తెలుగు చేసిన తిక్కన గారి భారతంలోనే ద్రోణపర్వం ఉంది, అందులో ఘటోత్కచుడు చచ్చిపడితే పాండవులంతా ఏడుస్తుంటే కృష్ణుడొక్కడు సంబరపడతాడు. అర్జునుడికి ఒళ్ళు మండి ఇదేం పని అని అడిగితే, కర్ణుడు నీకోసం దాచిపెట్టుకున్న ఇంద్రుడి శక్తి ఈ రాత్రితో అయిపోయింది, అందుకు అని చెప్తాడు. డంబుల్‌డోర్ మెరుపు కూడా అట్టాంటిదే, కాకపోతే ఒక తేడా ఉంది, అది తర్వాత చెప్తా.

2007 జూలై 21న ఏడో పుస్తకం వచ్చింది. 33వ అధ్యాయంలో స్నేప్ జ్ఞాపకాలు, ఈయన ఆ బళ్ళో టీచరు, వోల్డ్‌మార్ట్ మనిషిలా తిరుగుతా డంబుల్‌డోర్‌కి వేగు. వోల్డ్‌మార్ట్ ఆత్మ ముక్కొకటి హ్యారీలోనే ఉంది, కాబట్టి పిల్లోడు చావాలి, అదీ వోల్డ్‌మార్ట్ చేతిలోనే చావాలి అని డంబుల్‌డోర్ చెప్తే స్నేప్ బిత్తరపోతాడు, కోతకి పందిని పెంచినట్టు పెంచావే అంటాడు. మన రిటైర్డ్ హెడ్మాస్టరు గారి మాటకి మూలం ఇదే. కానీ రెండు అధ్యాయాలు దాటితే, 35లో, మెరుపు సంగతి తేలుతుంది. తల్లి ప్రాణమిచ్చి పెట్టిన రక్ష హ్యారీ రక్తంలో ఉంది, ఆ రక్తమే వోల్డ్‌మార్ట్ ఒంట్లోకి పొయ్యింది, అంటే వాడు బతికున్నన్నాళ్ళు హ్యారీ ప్రాణానికి వాడే కొక్కెం. వాడు కొడితే చచ్చేది లోపలున్న వాడి ముక్కేగానీ పిల్లోడు వెనక్కి రావచ్చు. డంబుల్‌డోర్ లెక్క ఇదీ. మరి ముందే చెప్పొచ్చుగదా అంటే, తిరిగొస్తానని తెలిసి పోతే అది ప్రాణత్యాగం ఎట్టవద్ది? పిల్లోడు నిజంగా చావుకి సిద్ధపడి పోబట్టే మిగతావాళ్ళకి కూడా రక్ష దొరికింది. ఆయనేమీ ఖాయంగా తెలుసు అనలా, ఊహించానన్నాడు, ఆ ముక్క మాత్రం ఎదటి పక్షానికి వదిలెయ్యాల్సిందే.

ఇప్పుడు అసలు మెలిక. 2011 జూలైలో చివరి సినిమా వచ్చింది. పంది మాట అందులో ఉంది, స్నేప్‌గా అలన్ రిక్‌మన్ ఆ మాట అంటుంటే ఎవరికైనా కడుపులో దేవుద్ది. రక్తం సంగతి లేదు. 2005లో వచ్చిన నాలుగో సినిమాలో ఆ కళ్ళ మెరుపూ లేదు. అంటే తెలుగు డబ్బింగులో టీవీలో చూసినోళ్ళకి నేరం చూపించారు, సంజాయిషీ చూపించలా. గ్రూపులో తిట్టేవాళ్ళు, వెనకేసుకొచ్చేవాళ్ళు ఎట్ట చీలారో చూడండి, దాదాపుగా సినిమావాళ్ళు ఒకపక్క, పుస్తకంవాళ్ళు ఒకపక్క.

అయితే పుస్తకంవాళ్ళు కూడా ఒకటి దాటేస్తున్నారు. ఈ దాపరికం డంబుల్‌డోర్‌కి చిన్నప్పటిది. చెల్లెలు అరియానాని ఊరికి కనపడకుండా దాచిపెట్టిన ఇల్లు వాళ్ళది, రహస్యాలు దాచడం మావాడు అమ్మ ఒళ్ళోనే నేర్చుకున్నాడని సొంత తమ్ముడే అంటాడు. 1899లో గ్రిండెల్వాల్డ్ అనే మాంత్రికుడితో స్నేహం, అధికారం పిచ్చి, తమ్ముడితో కలిపి ముగ్గురి కొట్లాటలో చెల్లెలు చనిపోవడం, ఎవరి మంత్రం తగిలిందో ఎవరికీ తెలీకపోవడం, ఆ దెబ్బతోనే మంత్రి పదవి ఎన్నిసార్లు పిలిచినా వద్దని బళ్ళో ఉండిపోయాడు. పదవి వదిలాడుగానీ దాచే అలవాటు వదల్లా.

దానికి బలైంది హ్యారీ కాదు, స్నేప్. ఇందాక చెప్పిన తేడా ఇదే. అర్జునుడు అడగ్గానే కృష్ణుడు అక్కడికక్కడే చెప్పాడు. స్నేప్ అడిగాడు, పిల్లోడికి చెప్పేవి నాకెందుకు చెప్పవని నేరుగానే అడిగాడు, వోల్డ్‌మార్ట్ పక్కన తిరిగే మనిషి దగ్గర రహస్యాలన్నీ పెట్టనన్నాడు ఈయన. గూఢచారి పనికి అది రైటే. కానీ తనని చంపే పని కూడా అతనికే అప్పజెప్పాడు, వోల్డ్‌మార్ట్ ఆ పనికి పెట్టిన విద్యార్థి మాల్ఫాయ్ పిల్లోడి ఆత్మ పాడవకూడదని, మరి నా ఆత్మ సంగతేందని స్నేప్ అడిగితే సరైన జవాబు లేదు. తను ప్రేమించిన లిల్లీ కొడుకు, అదే హ్యారీ, చచ్చేదానికే తను ఇన్నేళ్ళు కాపలా కాశానని నమ్ముతానే స్నేప్ పోయాడు. హ్యారీకి చివర్లో కూచోబెట్టి అంతా చెప్పారు, స్టాఫ్‌కి చెప్పలా. సగం విషయం చెప్పి పూర్తి పని చేయించుకునే పైవాళ్ళ కింద పనిచేసిన టీచర్లకి ఇది ఇంకా వివరించక్కర్లేదు.

గోడ మీంచి బొమ్మ తీసెయ్యమనే పక్షం ఇంకో రెండు చెప్తోంది. హ్యారీ పదేళ్ళు పెద్దమ్మ ఇంట్లో అగచాట్లు పడతాడని తెలిసే వదిలానని ఆయనే ఐదో పుస్తకంలో ఒప్పుకున్నాడు. నిజమే, రక్త సంబంధం ఉన్న ఇల్లైతేనే రక్ష నిలుస్తుంది కాబట్టి అనేది దానికి జవాబు, బాగానే ఉంది. రెండోదానికి మాత్రం నాకెవరూ జవాబు చెప్పలా: మూడో పుస్తకంలో హ్యారీ క్లాసు పిల్లోడు నెవిల్‌కి ప్రపంచంలో అన్నిటికంటే భయం దేనిమీదంటే దయ్యం కాదు, పాము కాదు, క్లాసు చెప్పే స్నేప్ సారు. వేగు అవసరం కోసం ఆ సారుని అదే క్లాసులో అన్నేళ్ళు ఉంచింది హెడ్మాస్టరే. వాయిస్ మెసేజ్ పెట్టినాయన పంది మాట వదిలేసి దీన్ని పట్టుకోని ఉంటే పుస్తకంవాళ్ళ దగ్గర మాటుండేది కాదు.