నాట్యంలోకి అల్లర్లు ఎప్పుడొచ్చాయి? జవాబు రాయలసీమ కరువులో ఉంది

శాస్త్రీయ సంగీతం పెట్టుకుని నాట్యంలో హత్యలు, అల్లర్లు, ఆడవాళ్ల మీద దాడులు చూపించడమేమిటన్న గొడవ మళ్లీ లేచింది. తెలుగునాట ఈ మాట వచ్చిన ప్రతిసారీ 2023 జనవరి గుర్తుకొస్తుంది. ములుగు జిల్లా రామప్ప గుడి ప్రాంగణంలో కాకతీయ హెరిటేజ్ ట్రస్ట్ తలపెట్టిన కార్యక్రమంలో నర్తకి మల్లికా సారాభాయ్ నాట్యం చేయాలి. కేంద్రం అనుమతి ఇవ్వలేదని నిర్వాహకులు చెప్పారు. తన రాజకీయ అభిప్రాయాలే అందుకు కారణమని మల్లిక బహిరంగంగానే అన్నారు. చివరికి ప్రదర్శనను వరంగల్ వైపు మరో వేదికకు మార్చుకున్నారు.

అప్పుడూ ఇప్పుడూ వినిపించే ఆరోపణ ఒకటే. నాట్యం గుడిలో పుట్టింది, భక్తి దాని ప్రాణం, ఈ మధ్య కొందరు దానిలోకి రాజకీయాలు తెచ్చిపెట్టారు అని. దేవదాసీలు ఆడిన సదిర్ అనే నాట్యం భరతనాట్యం ఎలా అయింది, వాళ్లను ఎలా పక్కకు నెట్టారు అన్నది చాలామందికి తెలిసిన కథే కాబట్టి వదిలేద్దాం. ‘ఈ మధ్య’, ‘తెచ్చిపెట్టారు’ అన్న రెండు మాటల్లో నిజమెంతో చూడాలంటే 1952కు వెళ్లాలి.

ఆ ఏడాది భరతనాట్య నర్తకి చంద్రలేఖ అరంగేట్రం. గురువు కాంచీపురం ఎల్లప్ప పిళ్లై. పూర్తి సంప్రదాయ కచేరీ, కొత్త ప్రయోగమంటూ ఏదీ లేదు. వచ్చిన డబ్బు రాయలసీమ కరువు సహాయ నిధికి. సీమ అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. వరుసగా వానలు లేక చెరువులు, బావులు ఎండిపోయాయి. గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరారు.

వేదిక మీద గురువు ‘మథురా నగరిలో’ పాడుతున్నారు. చల్లనమ్మబోయే గొల్లభామ దారి విడవమని కృష్ణుణ్ణి బతిమాలే తెలుగు పాట అది. చంద్రలేఖ యమునను చూపిస్తున్నారు. చేతుల్లో అలలు, సఖుల జలక్రీడలు, ఎటు చూసినా నీళ్లే. ఉన్నట్టుండి ఆమె ఆగిపోయారు. పత్రికల్లో చూసిన ఫొటోలు కళ్ల ముందుకొచ్చాయి. నెర్రెలిచ్చిన నేల, చేతుల్లో డబ్బాలు పట్టుకుని నీళ్ల కోసం వంకలు తిరిగిన క్యూలు. గురువు పాడుతూనే ఉన్నారు. గుక్కెడు నీళ్లు లేని ఊళ్ల కోసం పెట్టిన కచేరీలో తను నీళ్లను ఒలకబోస్తున్నానన్న స్పృహతో, ఆ క్షణంలో తను రెండు ముక్కలైపోయినట్టు అనిపించిందని ఆమె తర్వాత రాసుకున్నారు.

నా ఉద్దేశంలో ఈ మొత్తం చరిత్రకు కీలకం ఆ క్షణమే. ఏ పార్టీ వాళ్లో, ఏ విదేశీ సిద్ధాంతమో ఆమెను ఆపలేదు. పాట తెలుగుది, కరువు తెలుగు నేలది. బాగా నేర్చుకున్న అభినయమే ఆమెను ఆపింది. నీళ్లను అంత నిజంగా చూపించగలిగినందుకే నీళ్లు లేకపోవడం ఆమెకు తగిలింది.

తర్వాత ఆమె క్రమంగా వేదికకు దూరం జరిగారు. 1972లో ‘నవగ్రహ’ చేసి, మళ్లీ పన్నెండేళ్లకు పైగా ఆపేశారు. రాత, పోస్టర్లు, మహిళా ఉద్యమం. ఒక దశలో ఆమె మీద రాజద్రోహం కేసు కూడా పెట్టి, తర్వాత ఉపసంహరించుకున్నారు. 1985లో ‘అంగిక’తో తిరిగొచ్చారు. అందులో దేవుడి కోసం విరహపడే నాయిక లేదు. భరతనాట్యం, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు, యోగా కలిసి శరీరమే కథయింది. ‘శ్రీ’లో ఆడవాళ్లు వెన్ను వంచుకుని, నేలకు ఒదిగి కదులుతారు. తరతరాల అణచివేతను ఒక్క మాట లేకుండా, వంగిన ఆ వెన్నుల మీదే చూపించారామె. చివరి కృతి ‘శరీర’కు గుందేచా సోదరుల ధ్రుపద్ (పాతకాలపు హిందుస్థానీ శైలి) గానం. ఆలాపన ఎంత నెమ్మదో కదలికా అంతే నెమ్మది. శాస్త్రీయ సంగీతాన్ని ఆమె పాడుచేశారనేవాళ్లు ఆ ప్రదర్శన చూశారో లేదో నాకు అనుమానమే.

రామప్ప వివాదానికి మాత్రం ఇంకో దారి ఉంది. దానికోసం కొంచెం వెనక్కి, 1963కు రావాలి. వరకట్న నిషేధ చట్టం వచ్చి అప్పటికి రెండేళ్లు. సౌరాష్ట్రలో కొత్త కోడళ్ల ఆత్మహత్యల వార్తలు చదివి మల్లిక తల్లి మృణాళినీ సారాభాయ్ ‘మెమరీ’ చేశారు. పాట పెట్టలేదు. భరతనాట్యంలో అడుగుల కోసం పలికే జతులనే తీసుకున్నారు. తకిట తకధిమిలే ఆ పిల్ల భయంగా, ఊపిరాడనితనంగా, కేకగా మారాయి. వరకట్న చావుల గురించి బయట మాట్లాడటమే అరుదైన రోజుల్లో ఒక నర్తకి చేసిన పని ఇది.

మల్లిక ఆ ఇంట్లో పెరిగారు. కూచిపూడిని మన సి.ఆర్. ఆచార్యులు దగ్గర నేర్చుకున్నారు. 2002 గుజరాత్ అల్లర్లపై సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ తర్వాత ఆమె మీద మనుషుల అక్రమ రవాణా కేసు వచ్చింది, అదీ నిలవలేదు. 2009లో గాంధీనగర్‌లో అద్వానీ మీద పోటీచేసి ఓడిపోయారు. రామప్ప దగ్గర ఆమెను వద్దన్నారంటే ఈ బయోడేటాను చూసే తప్ప నాట్యాన్ని చూసి కాదని ఆమెవైపు వాళ్లు అంటారు. నాకూ అలాగే తోస్తుంది.

ప్రార్థనా స్థలాల్లో రాజకీయాలు వద్దనే వాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది. కానీ శాస్త్రీయ నాట్యానికి హింస కొత్త అనే వాదన మన దగ్గర చెల్లదు. కూచిపూడి వాళ్ల ప్రహ్లాదలో నరసింహుడు కడుపు చీలుస్తాడు. మహిషాసురమర్దిని లేని అరంగేట్రాలెన్ని? రామప్ప విషయానికే వస్తే, ఆ గోడల మీది శిల్పాలను, కాకతీయ సేనాని జాయప 13వ శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళిని ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ బతికించిన పేరిణి, యుద్ధానికి వెళ్లే మగవాళ్లు ఆడిన నాట్యం. దాన్ని ఆ గుడి సొంత నాట్యమని చెప్పుకుంటున్నాం. చంపడానికి వెళ్లేవాళ్ల ఆటకు అక్కడ చోటుంది కాబట్టి, చచ్చినవాళ్ల పక్షాన ఆడేవాళ్లకు ఎందుకు లేదో అనుమతులిచ్చేవాళ్లు కాగితం మీద రాసి చెప్పాలి.