బోటు స్క్రీన్ మీద ఇంజన్ రీడింగులు: అపోహలు - వాస్తవాలు

మిర్యాలగూడలో లారీలకు, వరికోత మిషన్లకు కరెంటు పని చేస్తూ ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు నాగార్జునసాగర్ లాంచీలకు, కొల్లాపూర్ దగ్గరి సోమశిల వైపు తిరిగే బోట్లకు వైరింగ్ చూస్తున్నాను. ఒకప్పుడు సరంగు (బోటు నడిపేవాడు) ముందు ముల్లు తిరిగే మీటర్లు వరుసగా ఉండేవి, ఒక్కో మీటరుకు ఒక్కో వైరు. కొత్త బోట్లలో అవన్నీ పోయి ఒకే స్క్రీన్ వచ్చింది. ఇంజన్ వేడి, ఆయిల్ ప్రెషర్, ఆర్‌పీఎం, డీజిల్, బ్యాటరీ అన్నీ అందులోనే కనిపిస్తాయి. దీని వెనకున్న పద్ధతి పేరు ఎన్ఎంఈఏ 2000. ఇప్పటి లారీల్లో ఉండే క్యాన్ బస్సే, అంటే పరికరాలన్నీ ఒకే జత వైర్ల మీద సందేశాలు పంపుకునే పద్ధతే, దీనికీ పునాది. అందుకే లారీ పని తెలిసినవాళ్లు దీన్ని చూసి భయపడాల్సిన పని లేదు.

అపోహ: స్క్రీన్ మీద అంకెల బదులు గీతలు వస్తే స్క్రీన్ పోయినట్టే.

నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. "స్క్రీన్ పోయిందన్నా, కొత్తది ఎంతవుతుంది?" అంటారు. స్క్రీన్ సొంతంగా ఏదీ కొలవదు. ఇంజన్ మీదున్న సెన్సార్ కొలుస్తుంది, పక్కనున్న కన్వర్టర్ డబ్బా ఆ కొలతను సందేశంగా మారుస్తుంది, మెయిన్ కేబుల్ మోసుకొస్తుంది. స్క్రీన్ చివర్లో చదివి చూపిస్తుంది, అంతే.

సాగర్‌లో ఒక బోటుకు వేడి, ఆయిల్ ప్రెషర్ రీడింగులు కాసేపు కనిపించి కాసేపు మాయమయ్యేవి. ఓనరు కొత్త స్క్రీన్‌కు అడ్వాన్స్ కూడా కట్టడానికి సిద్ధమయ్యాడు. నేను వెళ్లి నెట్‌వర్క్ కరెంటు ఆపేసి, కనెక్టర్‌లో తెల్ల వైరు పిన్నుకు, నీలం వైరు పిన్నుకు మధ్య మల్టీమీటర్ పెట్టాను. 121 ఓమ్‌లు వచ్చింది. అక్కడ రావాల్సింది 60కి అటూ ఇటూ. ఈ లైనుకు రెండు కొసల్లో చెరో 120 ఓమ్‌ల టెర్మినేటర్ (కొస మూసే రెసిస్టర్) ఉంటుంది, రెండూ ప్యారలల్‌గా కలిస్తే 60. అంటే ఒకటి లేదు. కేబుల్ పట్టుకుని బోటు ముక్కు వైపు నడిచాను. అక్కడ ఎవరో లోతు చూపే కొత్త పరికరం పెట్టడానికి కొస టెర్మినేటర్ ఊడదీసి, ఆ చోట్లోనే పరికరాన్ని తగిలించారు. ఊడదీసిన ముక్క బోటులోనే, టూల్ బాక్సులో స్పానర్ల కింద దొరికింది. ఒక టీ కనెక్టర్ (మూడు నోళ్ల జాయింటు) వేసి పరికరాన్ని పక్కకు తెచ్చి, టెర్మినేటర్‌ను దాని చోట బిగించాం. మీటరు 60 చూపించింది. రీడింగులు నిలబడ్డాయి.

60 బదులు 40 వస్తే ఎక్కడో మూడో టెర్మినేటర్ ఉందని అర్థం. అదీ తప్పే. ఈ కొలత తీయడానికి రెండు నిమిషాలు చాలు. స్క్రీన్ విప్పే ముందు దయచేసి ఇది చూడండి.

అపోహ: గీతలన్నా, సున్నా అన్నా ఒకటే.

కాదు. గీతలంటే ఆ కొలత స్క్రీన్‌కు చేరలేదని. సున్నా అంటే చేరింది, దాని విలువ సున్నా అని. గీతలు చూస్తే కేబుల్ వైపు, కన్వర్టర్ వైపు వెతకండి. ఇంజన్ తిరుగుతూ ఆయిల్ ప్రెషర్ సున్నా చూపిస్తే మాత్రం ముందు ఇంజన్ ఆపండి, వెతుకులాట తర్వాత.

అపోహ: నెట్‌వర్క్ వైరు కూడా మామూలు వైరే, ఎక్కడైనా గిల్లి కలుపుకోవచ్చు.

ఇంట్లో జంక్షన్ బాక్సులో వైర్లు మెలిపెట్టినట్టు దీన్ని కలిపితే పని చేయదు. మెయిన్ కేబుల్ ఒకటే గీతలా వెళ్లాలి. ప్రతి పరికరం టీ కనెక్టర్ నుంచి విడిగా దిగాలి, ఆ దిగే ముక్క 6 మీటర్లు దాటకూడదు. నెట్‌వర్క్‌కు కరెంటు ఒక్కచోటే ఇస్తే మంచిది. చివరి పరికరం దగ్గర 9 వోల్టుల కన్నా తగ్గకూడదు. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా స్క్రీన్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటే బ్యాటరీ టెర్మినళ్లు, కరెంటు తీసుకున్న చోటు చూడండి.

అపోహ: టెంపరేచర్ తేడాగా చూపిస్తే సెన్సార్ మార్చేయాలి.

సెన్సార్లు పోవని కాదు. కానీ మార్చిన సెన్సార్లలో చాలావాటిని నేను తర్వాత పరీక్షించి చూశాను, బాగానే ఉన్నాయి. చాలా బోట్లలో సెన్సార్‌కు ఒకే వైరు ఉంటుంది. ఎర్త్ దానికి ఇంజన్ బాడీ నుంచే అందుతుంది. ఆ ఎర్త్ బలహీనంగా ఉంటే రీడింగు అబద్ధం చెబుతుంది. గుర్తు పట్టడం సులువు. లైట్లు, బిల్జ్ పంపు (బోటు అడుగున చేరిన నీళ్లు తోడేది) వేయగానే వేడి అంకె పైకి ఎగిరి, ఆపగానే దిగితే అది వేడి కాదు. ఇంజన్‌లో నీళ్లు అంత తొందరగా వేడెక్కవు, అంత తొందరగా చల్లారవు.

సోమశిల దగ్గర ఒక బోటులో సరిగ్గా ఇలాగే జరిగింది. ఇంజన్ నడుస్తుండగా, లైట్లన్నీ వేసి, మల్టీమీటర్ ఒక కొస ఇంజన్ బాడీకి, ఇంకో కొస బ్యాటరీ మైనస్‌కు పెట్టాను. దాదాపు సున్నా రావాల్సిన చోట అర వోల్టు దాటింది. ఎర్త్ కేబుల్ నట్టు విప్పితే, దాని కింద ఇంజన్‌కు వేసిన రంగు అలాగే ఉంది. రంగు మీదే బిగించారు. ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించి, పైన గ్రీజు రాశాం. రీడింగు కుదురుకుంది.

ఇంకో పొరపాటు టెఫ్లాన్ టేపు. లీకు కాకూడదని సెన్సార్ థ్రెడ్ల చుట్టూ దట్టంగా చుడతారు. దాంతో ఎర్త్ సరిగ్గా అందక ఓమ్‌లు పెరిగినట్టు కనిపిస్తాయి. అప్పుడు వేడి ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది. ప్రెషర్ పెరిగే కొద్దీ ఓమ్‌లు పెరిగే 10 నుంచి 180 ఓమ్‌ల రకం ఆయిల్ సెన్సార్ అయితే ప్రెషర్ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. రెండూ ప్రమాదమే, ఎందుకంటే చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది.

సెన్సార్ మీదే అనుమానం ఉంటే ఊడదీసి టీ గిన్నెలో నీళ్లు పోసి, స్టవ్ మీద పెట్టి, కొసను అందులో ముంచండి. వైరు తగిలించే చోటుకు, లోహపు ఒంటికి మధ్య ఓమ్‌లు కొలవండి. ఇంజన్లలో ఎక్కువగా వాడే రకంలో నీళ్లు వేడెక్కే కొద్దీ ఓమ్‌లు ఆగకుండా తగ్గుతూ పోవాలి. మధ్యలో ఎగిరిపడినా, కదలకపోయినా అప్పుడు మార్చండి. కొత్తది కొనేటప్పుడు ఓమ్‌ల రకం చూడండి. డీజిల్ ట్యాంకు సెన్సార్లలో యూరప్ రకం 10 నుంచి 180, అమెరికా రకం 240 నుంచి 33. ఒకటి పెట్టి కన్వర్టర్‌లో ఇంకోటి సెట్ చేస్తే ఎన్ని సెన్సార్లు మార్చినా ఫలితం ఉండదు.

అపోహ: వేడి తక్కువ చూపిస్తోంది కాబట్టి ఇంజన్ చల్లగానే ఉంది.

కూలెంట్ పూర్తిగా కారిపోయిన ఇంజన్‌లో సెన్సార్ కొస నీళ్లలో ఉండదు, గాలిలో ఉంటుంది. అప్పుడు ఇంజన్ కాలిపోతున్నా అంకె కిందే ఉండొచ్చు. రోజూ మొదటి ట్రిప్పుకు ముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మూత తీసి కూలెంట్ కళ్లతో చూడటానికి ఏ స్క్రీనూ బదులు కాదు.

అపోహ: అంకె అటూ ఇటూ దూకుతోందంటే వైరు లూజు.

రెండు ఇంజన్ల బోటులో ఆర్‌పీఎం 900, 1500 మధ్య దూకుతుంటే ముందు కన్వర్టర్ల సెట్టింగ్ చూడండి. ఎడమ ఇంజన్‌కు 0, కుడి ఇంజన్‌కు 1 అని నంబరు ఇవ్వాలి. రెండింటికీ 0 ఇస్తే స్క్రీన్ రెండింటి మాటనూ ఒకే ఇంజన్ మాటగా చూపిస్తుంది. ఇక ఆర్‌పీఎం ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో తప్పుగా ఉంటే, డైనమో వేగం నుంచి ఇంజన్ వేగం లెక్కగట్టడానికి ఇచ్చిన పుల్లీ లెక్క తప్పు పెట్టారని. లేజర్ టాకోమీటర్ (తిరిగే వేగం కొలిచే మీటరు)తో క్రాంక్ పుల్లీ దగ్గర కొలిచి సరిచేసుకోవచ్చు.

అపోహ: కృష్ణ నీళ్లు మంచినీళ్లు, కనెక్టర్లకు ఏమీ కాదు.

సముద్రపు ఉప్పు లేదు, నిజమే. కానీ మన రిజర్వాయర్లలో ఎండాకాలం నీళ్లు బాగా తగ్గిపోతాయి, బోట్లు నెలల తరబడి ఒడ్డునే ఉంటాయి. మూసిన ఇంజన్ రూములో పగలు ఉడుకు, రాత్రి చల్లదనం. ఆ తేమ పిన్నుల్లో చేరి రాగి పచ్చబడుతుంది. వైర్లు ఎలుకలు కొరుకుతాయి. వరద వచ్చి బోటు మళ్లీ కదిలే ముందు ప్రతి కనెక్టర్ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, చూసి బిగించండి. వాడని టీ నోళ్లకు మూతలు పెట్టండి.

అపోహ: అలారం ఊరికే మోగుతోంది, ఆపేస్తే సరి.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. మనుషుల్ని ఎక్కించుకునే బోటులో ఆయిల్ ప్రెషర్ అలారం వైరు పీకేసి, ఇన్సులేషన్ టేపు చుట్టి పెట్టడం నేను చూశాను. అలారం అబద్ధమని అనుమానం ఉంటే, ఒడ్డున ఉండగానే సెన్సార్ ఊడదీసి అదే రంధ్రంలో ముల్లు తిరిగే ప్రెషర్ గేజ్ బిగించి ఇంజన్ నడిపి చూడండి. గేజ్ కూడా తక్కువ చూపిస్తే అలారం నిజమే చెప్పింది. సాగర్ నుంచి శ్రీశైలం దాకా దారంతా నల్లమల, మధ్యలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ దొరకదు. అక్కడ ఇంజన్ పట్టేస్తే అరిచినా వినడానికి మనిషి ఉండడు.

నేను పని చేసిన బోట్లలో సరంగు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టిస్తున్నాను. ఇంజన్ బాగున్న రోజు, చల్లగా ఉన్నప్పుడు ఎంత, అరగంట నడిచాక ఎంత అని వేడి, ఆయిల్ ప్రెషర్, వోల్టులు మొదటి పేజీలో రాయిస్తాను. మొన్న ఒక సరంగు ఆ పేజీ చూసుకుని ఫోన్ చేశాడు. "అన్నా, అలారం ఏమీ మోగలేదు గానీ, ఆయిల్ ప్రెషర్ ఎప్పుడూ 4 బార్ ఉండేది, రెండు రోజులుగా 3 చూపిస్తోంది" అన్నాడు. బోటు ఆ రోజు రేవు వదల్లేదు.