వెన్నుకు మత్తిచ్చాక బీపీ ఎందుకు పడిపోతుంది?

సిజేరియన్ బల్ల మీద వెన్నుకు మత్తిచ్చి పడుకోబెట్టిన కొద్ది నిమిషాలకే చాలామంది "వాంతొచ్చేలా ఉంది, కళ్లు తిరుగుతున్నాయి" అంటారు. ఖాళీ కడుపు వల్లనో, భయం వల్లనో అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పుకుంటారు. మత్తు డాక్టరుకు మాత్రం అది బీపీ పడిపోతోందన్న కబురు. ఒక్కోసారి మానిటర్‌లో అంకె మారకముందే ఆ కబురు అందుతుంది.

ఇచ్చే మందు చాలా కొంచెం: 0.5 శాతం బూపివకెయిన్ హెవీ సుమారు 2 మి.లీ., అంటే 10 మి.గ్రా. దాన్ని నడుము మూడో, నాలుగో పూసల మధ్య ఇస్తారు. వెన్నుపాము అంతకు పైనే ముగుస్తుంది కాబట్టి దానికి సూది తగలదు. కోత పొత్తికడుపు మీదే అయినా మత్తు రొమ్ముల మట్టం దాకా ఎక్కాలి; లేకపోతే లోపల గర్భసంచిని కదిలించినప్పుడు నొప్పి తెలుస్తుంది. చిక్కంతా అక్కడే. రక్తనాళాలను బిగబట్టి ఉంచే నరాలు ఛాతీ ఒకటో పూస నుంచి నడుము రెండో పూస దాకా ఉన్న భాగం నుంచే బయల్దేరతాయి. నొప్పితో పాటు ఆ బిగువూ పోతుంది.

కాలువలో నీళ్లు అంతే ఉండి, గట్లు ఒక్కసారిగా వెనక్కి జరిగితే మట్టం పడిపోదూ? ఇక్కడా అంతే. ఒక్క బొట్టు రక్తం పోకుండానే బీపీ పడిపోతుంది. పైగా వెల్లకిలా పడుకుంటే నిండు గర్భసంచి వెన్నుకు కుడిపక్కనున్న పెద్ద సిరను నొక్కుతుంది, గుండెకు తిరిగి వెళ్లే పాయకు అడ్డుకట్ట పడినట్టు. నెలలు నిండాక గర్భసంచికి నిమిషానికి సుమారు 700 మి.లీ. రక్తం వెళ్తుంది. బీపీ తగ్గినప్పుడు తన వాటాను కాపాడుకునే ఏర్పాటు మాయకు (ప్లాసెంటాకు) లేదు. తల్లికి వికారం, బిడ్డకు ఆక్సిజన్ కొరత.

సెలైన్ ముందే ఎక్కించేస్తే చాలని ఒకప్పుడు నేర్పేవారు. గట్లు జరిగిన కాలువలో ఎన్ని నీళ్లు పోస్తాం? గట్లను మళ్లీ దగ్గరికి లాగాలి. ఆ పని ఫినైలెఫ్రిన్ అనే మందు చేస్తుంది. మోతాదు 50 నుంచి 100 మైక్రోగ్రాములు. మత్తు ఇచ్చిన వెంటనే డ్రిప్‌గా మొదలుపెడితే ఇంకా మేలు. సెలైన్ దానికి తోడుగా, అదే సమయంలో వేగంగా ఎక్కాలి. అసలు ప్రమాదం ఆంపుల్‌లో, అంటే ఆ మందు వచ్చే చిన్న గాజు సీసాలో ఉంది. 1 మి.లీ.లో 10 మి.గ్రా. ఉండే ఆంపుల్‌ని 100 మి.లీ. సెలైన్‌లో కలిపితేనే మి.లీ.కి 100 మైక్రోగ్రాములు వస్తుంది. కలపకుండా ఇస్తే వంద రెట్లు! సిరంజి మీద లేబుల్ అంటించడం అందుకే. గుండె వేగం బాగా తగ్గి బీపీ కూడా పడితే ఫినైలెఫ్రిన్ పనికిరాదు, గుండె వేగాన్ని పెంచే ఎఫెడ్రిన్ గానీ అట్రోపిన్ గానీ వాడాలి. వెనుకటి అలవాటు ఎఫెడ్రినే, కానీ అది మాయ దాటి బిడ్డ రక్తంలో ఆమ్లం పెంచుతుంది.

పెద్ద సిర మీద గర్భసంచి బరువు పడకుండా బల్లను ఎడమకు 15 డిగ్రీలు వంచడం పాత నియమం. 2015లో జపాన్‌లో ఎమ్మారైతో చూస్తే 15 డిగ్రీలకు ఆ సిర తెరుచుకోలేదు, 30కి కొంత తెరుచుకుంది. అంత వంపులో ఆపరేషన్ కష్టం. అందుకే చాలాచోట్ల చేత్తో గర్భసంచిని ఎడమకు నెడతారు.

మత్తు మరీ పైకి ఎక్కితే మొదట చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి, పిడికిలి పట్టు సడలుతుంది, గొంతు పీలగా మారుతుంది. "చెయ్యి గట్టిగా పట్టుకోమ్మా" అని డాక్టరు అడిగేది పలకరింపుకు కాదు.

తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లేనని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్క. అయినా "వెన్నుకు సూదేస్తే జన్మంతా నడుం నొప్పే" అన్న మాట పోలేదు. కాన్పు తర్వాత నడుం నొప్పి మామూలు కాన్పు అయినవాళ్లకూ వస్తుంది. సూది వల్ల నిజంగా వచ్చేది తలనొప్పి: లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. సూది రంధ్రం నుంచి వెన్నునీరు కారడమే కారణం. పెన్సిల్ మొన లాంటి సన్నని సూదితో ఇది బాగా తగ్గింది. ముందుజాగ్రత్తగా దిండు తీసేసి రోజంతా కదలకుండా పడుకోబెట్టినంత మాత్రాన మాత్రం అది రాకుండా ఆగదు.