అమెరికా సర్కారు సైబర్ స్కాలర్‌షిప్: మన పిల్లలకు వస్తుందా?

ఎంఎస్ అడ్మిషన్ల సీజన్ మొదలైతే చాలు, నల్లగొండ గడియారం సెంటర్ నుంచి దేవరకొండ దాకా ఒకటే మాట: "సైబర్ సెక్యూరిటీ తీసుకుంటే ఫీజంతా అమెరికా గవర్నమెంటే కడుతదట, చదువు అయిపోంగనే సర్కారు కొలువట." స్కీము ఉన్నమాట నిజం. మిగతాది పుకారు.

అపోహ: ఎఫ్-1 వీసా (స్టూడెంట్ వీసా) మీద పోయినోళ్లకూ వస్తుంది.

రాదు. దీని పేరు సైబర్‌కోర్ స్కాలర్‌షిప్ ఫర్ సర్వీస్. నిధులు నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌వి, ఎంపిక చేసేది యూనివర్సిటీలు. అప్లై చేయాలంటే అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండి తీరాలి. జీఆర్‌ఈ స్కోరు ఎంతున్నా, బీటెక్‌లో గోల్డ్ మెడల్ వచ్చినా ఈ నిబంధన సడలదు. "డల్లాస్‌లో మా మేనమామ కొడుక్కి వచ్చింది కదా" అంటారు. వచ్చే ఉంటుంది. ఆ పిల్లగాడు అక్కడ పుట్టినోడు, పౌరుడు.

ఈ ఒక్క అపోహ చేసే నష్టం చిన్నది కాదు. స్కాలర్‌షిప్ వస్తుందన్న ధీమాతో ఎడ్యుకేషన్ లోన్ మొదటి సెమిస్టర్‌కు సరిపడా మాత్రమే తీసుకుంటారు. రెండో సెమిస్టర్ ఫీజు కట్టకపోతే యూనివర్సిటీ రిజిస్ట్రేషన్ ఆపేస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుంటే ఫుల్‌టైమ్ చదువు లేనట్టే, ఎఫ్-1 స్టేటస్ పోతుంది. అప్పుడు పొలం కాగితాలు పట్టుకొని బ్యాంకు చుట్టూ తిరిగినా సమయం చాలదు.

రెండో దెబ్బ వీసా కిటికీ దగ్గర. చదువు అయ్యాక అమెరికా ప్రభుత్వంలో పనిచేస్తానని ఇంటర్వ్యూలో చెప్పారా, తిరిగి వచ్చే ఉద్దేశం లేదని మీరే ఒప్పుకున్నట్టు. తిరిగొస్తారన్న నమ్మకం లేకుంటే వీసా ఇవ్వొద్దనే 214(బి) సెక్షన్ కింద తిరస్కరించడానికి ఆ ఒక్క మాట చాలు. "స్కాలర్‌షిప్ ప్రాసెసింగ్" అని వేరే ఫీజు అడిగే కన్సల్టెన్సీకి దండం పెట్టి బయటికి రండి. మధ్యవర్తి పనే లేదిక్కడ.

ఇప్పటికే నమ్మి సీటు తీసుకున్నోళ్లు కంగారు పడకండి. ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చూపిన మొదటి ఏడాది ఖర్చు తీసుకొని, రెండో ఏడాదికీ అంతే వేసి, లోన్ ఎంత తక్కువ పడుతుందో ఇప్పుడే లెక్క కట్టండి. డిపార్ట్‌మెంట్‌కు రాసి టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌ల సంగతి అడగండి. వాటికి ఎఫ్-1 అడ్డు కాదు.

అపోహ: ఉచితంగా ఇచ్చే డబ్బు. కాదు, బాండు. బ్యాచిలర్స్ వాళ్లకు ఏడాదికి 27,000 డాలర్లు, పీజీ వాళ్లకు 37,000 స్టైపెండ్, ఫీజు అదనం. ఎన్నేళ్లు తీసుకుంటే అన్నేళ్లు ప్రభుత్వంలో పనిచేయాలి. చేయకపోతే మొత్తం అప్పుగా మారుతుంది. 2025 జనవరిలో ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) నియామకాలు ఆపేశాక, కొలువు దొరక్క ఈ అప్పు భయంతో ఉన్న గ్రాడ్యుయేట్లు అక్కడే ఉన్నారు.

అపోహ: గ్రీన్‌కార్డు ఉంటే చాలు. స్కాలర్‌షిప్‌కు చాలు. కొలువుకే చిక్కు: ఫెడరల్ ఉద్యోగాల్లో అత్యధికం పౌరులకే. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలు సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సింది ఇదే.

అపోహ: మనకు సర్కారు సాయమే లేదు. ఉంది. విదేశీ చదువుకు తెలంగాణ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల వరకు వస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. అప్లికేషన్ తెలంగాణ సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో. ఇక్కడ చాలామంది బోల్తా పడేది ఒక్క విషయంలో: డబ్బు ముందు రాదు. అక్కడ దిగి ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టినట్టు రికార్డు) పంపాక సగం, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక మిగతా సగం. కాబట్టి టికెట్టు, మొదటి ఫీజు, రెండు మూడు నెలల ఇంటి కిరాయి మీ చేతిలోనే ఉండాలి.

ఇక్కడే ఎంటెక్ చేస్తామంటే గేట్ స్కోరుతో, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే జాతీయ మండలి) గుర్తింపున్న కాలేజీలో చేరిన వారికి నెలకు 12,400 రూపాయలు. కాలేజీ మీ పేరు మీద స్టూడెంట్ ఐడీ తీసి పోర్టల్‌లో ఆమోదిస్తేనే పడతాయి. బ్యాంకు ఖాతా విద్యార్థి ఒక్కరి పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో లింకై ఉండాలి. నాయినతో కలిసి తీసిన జాయింట్ ఖాతా, జీరో బ్యాలెన్స్ జన్‌ధన్ ఖాతా పనికిరావు. చేరిన వారంలోనే మామూలు సేవింగ్స్ ఖాతా తెరవండి.