కాజూ, అనాస, ఒక పోయిన భాష

కాజూ కత్లీలో కాజూ హిందీ మాట అనుకుంటాం. హిందీకి అది పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చింది. వాళ్లకి బ్రెజిల్ తీరంలోని టూపినాంబా జనం నుంచి. ఆ జనం మాట్లాడిన పాత టూపీలో 'అకాజు' అంటే జీడిమామిడి. ఏడాదికోసారి కాస్తుంది కాబట్టి సంవత్సరాన్ని కూడా ఆ మాటతోనే లెక్కపెట్టేవారు.

మన అనాసదీ అదే దారి. టూపీ 'ననాస్', పోర్చుగీసు నోట 'అననాస్' అయి, పండుతో పాటే ఓడెక్కి వచ్చింది. తమాషా ఏమిటంటే, బ్రెజిల్‌లో ఇప్పుడు ఆ పండుని ఎక్కువగా 'అబకషీ' అంటారు. అదీ టూపీ మాటే! కర్రపెండలం పిండికి పెట్టిన టపియోకా అన్న పేరూ, పిరాన్హా, జాగ్వార్, టూకాన్ పిట్ట పేర్లూ అక్కడివే. పిరాన్హాలో 'పిరా' అంటే చేప.

అరువు మాటల్లో ఒక పక్షపాతం ఉంటుంది. కొత్తగా వచ్చినవాడికి తెలియని పండూ జంతువూ కనిపిస్తే పేరు అడిగి తీసుకుంటాడు. నువ్వు, నేను, మనం లాంటివి వాడి దగ్గర ముందే ఉంటాయి. అందుకే భాష పోతే మిగిలేది దాని సంతబుట్ట, దాని ఎముకల గూడు కాదు.

టూపీ విషయంలో ఆ గూడు కూడా కాగితం మీద మిగిలింది. జోసె ది అంషియేటా అనే జెస్యూట్ మతగురువు రాసిన వ్యాకరణం 1595లో పోర్చుగల్‌లోని కోయింబ్రాలో అచ్చయింది. అందరూ అంత ఓపిక పట్టలేదు. గాందావో అనే పోర్చుగీసు రచయిత, ఈ భాషలో ఎఫ్, ఎల్, ఆర్ లేవు కాబట్టి ఈ జనానికి 'ఫే', 'లేయ్', 'రేయ్' లేవన్నాడు. అంటే విశ్వాసం, చట్టం, రాజు. ఆ లెక్కన ఎఫ్ ధ్వని తెలుగుకీ సొంతం కాదు. మనకీ విశ్వాసం లేనట్టే!

నిజానికి టూపీలో ఉండి పోర్చుగీసులో లేనివి ఉన్నాయి. 'ఒరే' అంటే మేము, 'ఇయాండే' అంటే మనం. పోర్చుగీసులో రెండింటికీ ఒకటే మాట. ఈ తేడా తెలుగువాడికి పాఠం చెప్పక్కర్లేదు.

మశూచి, బానిసత్వం ఆ తీరాన్ని ఖాళీ చేశాయి. అయినా టూపీ నుంచి పుట్టిన ఉమ్మడి భాషలు వలస కుటుంబాల ఇళ్లలో కూడా చాలాకాలం నడిచాయి. పోర్చుగల్ మంత్రి పొంబాల్ కాలంలో, 1758 నాటికి, బ్రెజిల్ అంతటా పోర్చుగీసే మాట్లాడాలన్న ఆజ్ఞ వచ్చింది. పాత టూపీ సొంత భాషగా ఉన్నవాళ్లు ఇప్పుడు లేరు. దాని వారసురాలు న్యేంగతు మాత్రం అమెజాన్‌లో రియో నెగ్రో ఒడ్డున ఇంకా వినిపిస్తుంది. 2023లో బ్రెజిల్ రాజ్యాంగాన్ని అందులోకి అనువదించారు. న్యేంగతు అంటే 'మంచి మాట'.

నాకు బాగా నచ్చింది టూపీ నామవాచకాల సంగతి. మనం క్రియలకే భూతకాలం పెడతాం. మాజీ మంత్రి అంటాం గానీ మాజీ అడవి అనం. టూపీలో ఏ పేరుకైనా 'పుయెరా' తగిలిస్తే అది 'ఒకప్పటిది' అయిపోతుంది. 'కా' అంటే అడవి. 'కాపుయెరా' అంటే ఒకప్పుడు అడవిగా ఉన్న చోటు. నరికేశాక పొదలు మొలిచిన నేలని బ్రెజిల్ రైతులు ఇప్పటికీ 'కపొయెరా' అంటారు.

సావో పాలో నగరంలో 1954లో తెరిచిన పెద్ద పార్కు ఒకటుంది. పొద్దున్నే జనం పరుగులకి వస్తారు. దాని పేరు ఇబిరాపుయెరా. 'ఇబిరా' అంటే చెట్టు.